ప్రపంచం నీళ్ల లెక్కలో మన మట్టి ఎక్కడుంది?



పైన వీడియోలో నేను చేసింది చిన్న పనే. ఆరంగుళాల పీవీసీ పైపు ముక్కను ఒకే రకం ఎర్రనేలలో రెండు చోట్ల దిగ్గొట్టి, దాంట్లో 460 మిల్లీలీటర్ల నీళ్లు పోశాను. అంత పైపులో అన్ని నీళ్లు పోస్తే అంగుళం వాన పడినట్టు లెక్క. మూడేళ్లుగా ఆచ్ఛాదన, నవధాన్యాలు ఉన్న నా చేనులో ఆ నీళ్లు ఇంకడానికి నాలుగు నిమిషాలు పట్టింది. గట్టు అవతల ఏటా దున్ని, ఎండకు వదిలేసే నేలలో ఇరవై ఆరు నిమిషాలయినా పైపు అడుగున నీళ్లు మెరుస్తూనే ఉన్నాయి. వీడియోలో టైం సరిపోక చెప్పలేని లెక్కలు ఇక్కడ రాస్తున్నా. కాస్త పెద్దగానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

ఈ వీడియో తీయడానికి కారణం ఒక ఫోన్ కాల్. కదిరి వైపు నుంచి ఒక పెద్దాయన చేశాడు. ఆరెకరాల చీనీ తోట. రెండు బోర్లు ఎండిపోయాయి, మూడోది తగ్గిపోతోంది. "నాయనా, ప్రపంచంలోనే నీళ్లు అయిపోతాండాయంట, టీవీలో చెప్తాండారు. ఇప్పుడే వెయ్యి అడుగులకి పోతే నాలుగు నీళ్లన్నా దొరుకుతాయి, ఆలస్యమైతే అవీ ఉండవు. బోరు బండికి అడ్వాన్స్ ఇచ్చేసినా. ఏమంటావు?" అన్నాడు.

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. వద్దంటే తోట ఎండితే నా మీద పడుతుంది. వెయ్యమంటే లక్షన్నర అప్పు ఆయన మీద పడుతుంది. "రెండు రోజులు టైం ఇయ్యి మామా, వచ్చి చూస్తా" అన్నాను. కానీ ఆ "ప్రపంచంలోనే అయిపోతాండాయంట" అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. టీవీ వాళ్లు చెప్పే మాటకి, మామ వేయబోయే బోరుకి మధ్య ఉన్న లెక్క ఏంటో చూద్దామని కూర్చున్నా.

ముందు పెద్ద లెక్క. భూమ్మీద ఉన్న నీళ్లలో నూటికి తొంభై ఏడున్నర పాళ్లు ఉప్పునీళ్లు. మంచినీళ్లు రెండున్నర పాళ్లే. ఆ మంచినీళ్లను వంద లీటర్ల డ్రమ్ము అనుకుంటే, అందులో 69 లీటర్లు అంటార్కిటికా, గ్రీన్‌లాండ్ లాంటి చోట్ల, హిమాలయాల మీద గడ్డకట్టి ఉన్నాయి. 30 లీటర్లు భూమి లోపల. నదులు, చెరువులు, సరస్సులు అన్నీ కలిపినా అర లీటరు కూడా రావు. ఈ లెక్క అందరూ చెప్తారు, వినగానే భయం వేస్తుంది. కానీ రైతుకి ఇది అంతగా పనికొచ్చే లెక్క కాదు. ఎందుకంటే ఇది నిల్వ లెక్క. మనం బతికేది ఏటా తిరిగొచ్చే నీళ్ల మీద. బ్యాంకులో ఎంత డిపాజిట్ ఉందన్నది ఒకటి, నెలకి చేతికి ఎంత వస్తుందన్నది ఇంకొకటి గదా.

ఆ వచ్చే నీళ్లు కూడా అందరికీ ఒకలా రావు. ప్రపంచంలో ఏటా తిరిగి చేరే మంచినీళ్లలో దాదాపు ఎనిమిదో వంతు ఒక్క బ్రెజిల్‌దే. బ్రెజిల్, రష్యా, కెనడా, చైనా, ఇండోనేషియా, అమెరికా, కొలంబియా, కాంగో, ఇంకొకటి... ఈ తొమ్మిది దేశాల దగ్గరే ప్రపంచపు మంచినీళ్లలో అరవై శాతం ఉన్నాయి. ఆ తొమ్మిదోది ఎవరనుకున్నారు? మన దేశమే. చదివినప్పుడు నేనూ నమ్మలేదు. నీళ్లున్న దేశాల్లో మనమూ ఉన్నాం, కాకపోతే ఆ నీళ్లను పంచుకునే మనుషులు ఎక్కువ. ప్రపంచ జనాభాలో దాదాపు 18 శాతం మనం, మంచినీళ్లలో మన వాటా 4 శాతం. తలకి ఏడాదికి 2001లో 1,816 ఘనపు మీటర్లు వచ్చేవి. 2021కి అది 1,486 అయింది. 1,700 కంటే తగ్గితే నీటి ఒత్తిడి, 1,000 కంటే తగ్గితే నీటి కొరత అంటారు.

నీళ్లుండటం వేరు, అందటం వేరు. కాంగోలో ఆఫ్రికా ఖండంలోనే పెద్ద నది పారుతుంది, అక్కడి పల్లెల్లో చాలామందికి శుభ్రమైన తాగునీళ్లు లేవు. కువైట్‌లో ఒక్క నది కూడా లేదు. మన రాయచోటి, రాజంపేట వైపు నుంచి అక్కడికి పనికెళ్లిన వాళ్లని అడగండి, కొళాయి తిప్పితే నీళ్లొస్తాయి, అవి ఉప్పు తీసిన సముద్రపు నీళ్లు. వాళ్లు అక్కడ వండుకునే సోనామసూరి బియ్యం ఏ నీళ్లతో పండింది అంటే, మన నీళ్లతో.

ఇప్పుడు వాడకం. ప్రపంచం మొత్తం నదుల నుంచి, భూగర్భం నుంచి ఏడాదికి తోడుకునేది సుమారు 4,000 ఘనపు కిలోమీటర్లు. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, శ్రీశైలం నిండితే 215 టీఎంసీలు, అంటే ఆరు ఘనపు కిలోమీటర్ల పైచిలుకు. అలాంటివి 650 శ్రీశైలాలు. అందులో 70 శాతం వ్యవసాయానికే. యూరప్‌లో తోడిన నీళ్లలో పెద్ద భాగం పరిశ్రమలకి, కరెంటు ప్లాంట్లు చల్లబరచడానికి పోతుంది. ఆసియా, ఆఫ్రికాల్లో మాత్రం ఎనభై శాతం అటూ ఇటూగా పొలానికే. ఇందులో ఒక కిటుకు ఉంది. ప్లాంటు చల్లబరిచిన నీళ్లు వేడెక్కి మళ్లీ నదిలోకే వస్తాయి. పంటకి పెట్టిన నీళ్లలో పైరు తాగి ఆకు నుంచి వదిలింది, నేల నుంచి ఆవిరైంది, రెండూ ఆకాశానికి పోతాయి. అవి మళ్లీ ఎక్కడ వానగా పడతాయో మన చేతుల్లో లేదు. అందుకే రైతు మీద ఇంత గురి.

భూగర్భ జలాల విషయంలో ప్రపంచంలో మనమే ముందు. కేంద్ర భూగర్భ జల బోర్డు 2023 లెక్క ప్రకారం ఏడాదికి 241 ఘనపు కిలోమీటర్లు తోడాం. దాదాపు నలభై శ్రీశైలాలు, అన్నీ బోర్లు, బావుల నుంచే! దేశం సగటు చూస్తే తోడదగిన నీళ్లలో 59 శాతమే వాడినట్టు కనిపిస్తుంది, ఫర్వాలేదనిపిస్తుంది. ఆ 2023 లెక్కలో పంజాబ్ ఒక్కటి చూస్తే 160 శాతం పైనే. అంటే వంద చేరితే నూట అరవై తోడారు. సగటు లెక్కలో ఎవరి బోరు ఎండిందో కనపడదు.

ఎండిపోయేదాకా తోడితే ఏమవుతుందో చూడాలంటే సౌదీ అరేబియా కథ చూడాలి. నాకు ఇది చదివినప్పుడల్లా మన ఊళ్లే గుర్తొస్తాయి. 1980ల్లో సౌదీ ప్రభుత్వం, మన గోధుమలు మనమే పండించుకుందాం అని పెద్ద ఎత్తున మద్దతు ధర, సబ్సిడీలు ఇచ్చింది. వానలు లేవు, నదులు లేవు. ఉన్నది ఇసుక కింద వేల ఏళ్ల కిందట చేరిన నీళ్లు. లోతైన బోర్లు వేసి, గుండ్రంగా తిరిగే పెద్ద పైపులతో ఎడారిలో పచ్చటి చక్రాలు చేశారు. 1990ల మొదట్లో ఏడాదికి నలభై లక్షల టన్నులు పండించి బయటి దేశాలకి ఎగుమతి కూడా చేశారు. ఎడారి నుంచి గోధుమల ఎగుమతి! ఆ నీళ్లు మళ్లీ చేరేవి కావని తెలిసి, 2008లో మెల్లగా మానేద్దామని నిర్ణయించారు. 2016కి ప్రభుత్వం దేశీ గోధుమ కొనడం ఆపేసింది. డబ్బున్న దేశం కాబట్టి బయట కొనుక్కోగలిగింది. వెయ్యి అడుగుల కింద మన బండరాళ్ల పగుళ్లలో ఉన్న నీళ్లు కూడా చాలాచోట్ల అలాంటివే, ఈ ఏడు వానకి ఆ ఏడు నిండేవి కావు. కానీ చీనీ తోట ఎండితే మామ ఎక్కడి నుంచి దిగుమతి చేసుకుంటాడు?

సరే, మరి డ్రిప్పు ఉంది గదా అంటారు. ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి.

మాది పాత అనంతపురం జిల్లా. డిప్లొమా అయ్యాక ఇంటికొచ్చి మూడెకరాల చీనీకి సబ్సిడీలో డ్రిప్పు పెట్టించాను. నీళ్లు మిగిలాయి. నిజంగానే మిగిలాయి, పావు వంతు కాదు, దాదాపు సగం. మిగిలిన నీళ్లు చూసి ఇంకో మూడెకరాలు చీనీ పెట్టాను. నాన్న వద్దన్నాడు. "మిగిలిన నీళ్లు భూమిలో ఉండనీరా" అన్నాడు. డిప్లొమా చదివింది నేను గదా, వినలేదు. 2018 వేసవిలో బోరు ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. ట్యాంకర్లతో చెట్టు చెట్టుకీ నీళ్లు పోశాం. కొత్త మూడెకరాల్లో సగం చెట్లు పోయాయి. ట్యాంకర్ల అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది.

తర్వాత తెలిసింది, ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం కాదని. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం ఒగల్లాల అనే పెద్ద భూగర్భ జలాశయం మీద ఉంది. దక్షిణ డకోటా నుంచి టెక్సాస్ దాకా ఎనిమిది రాష్ట్రాల కింద పరుచుకున్న నీళ్లవి. అక్కడి రైతులు నీళ్లు వృథా కాని స్ప్రింక్లర్లకి సబ్సిడీలో మారారు. పరిశోధకులు లెక్కలు తీస్తే, తోడకం తగ్గలేదు, పైగా పెరిగింది. ఎక్కువ నీళ్లడిగే పంటలకి మారారు, ఎక్కువ ఎకరాలు తడిపారు. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం కూడా చాలా దేశాల అనుభవం చూసి ఇదే చెప్పింది. నీటి పొదుపు పరికరం ఒక్కటే పెడితే నీళ్లు మిగలవు, తోడకానికి హద్దు ఉండాలి అని.

మన దగ్గర ప్రతి మీటింగులో "ఇజ్రాయెల్‌ని చూడండి" అంటారు. చూద్దాం. 1965లో అక్కడి హత్జెరిమ్ అనే పల్లెలో డ్రిప్పు కంపెనీ మొదలైంది, నిజమే. కానీ దానికి ఆరేళ్ల ముందే, 1959లో, ఆ దేశం నీళ్లన్నీ ప్రజల ఆస్తి అని చట్టం చేసింది. రైతుకి కోటా ఉంటుంది, మీటరు ఉంటుంది, బిల్లు ఉంటుంది. ఊళ్ల మురుగునీళ్లని దాదాపు తొంభై శాతం శుద్ధి చేసి పొలాలకి పంపుతారు. మనం అక్కడి నుంచి పైపులు తెచ్చుకుని మీటరు అక్కడే వదిలేసి వచ్చాం. నేను ఉచిత కరెంటు వద్దనేవాణ్ణి కాదు, అది లేకపోతే నేనూ పంట పెట్టలేను. మీటరు లేని చోట మనకి మనమే ఒక మీటరు పెట్టుకోవాలి అంటున్నా, అంతే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇప్పటిదాకా చెప్పిన లెక్కలన్నీ నదులు, చెరువులు, బోర్ల నీళ్లవి. ఇందాక 1,700 ఘనపు మీటర్ల హద్దు అన్నానే, ఆ కొలమానం తయారు చేసింది స్వీడన్ శాస్త్రవేత్త మాలిన్ ఫాల్కెన్‌మార్క్. 1995లో ఆమే ఇంకో మాట చెప్పింది. నదుల్లో, భూగర్భంలో ఉన్నవి నీలి నీళ్లు. వాన పడ్డాక మట్టి పట్టుకుని, వేర్లకి ఇచ్చేవి పచ్చ నీళ్లు. వాటినీ లెక్కపెట్టాలి అంది. ఏటా ప్రపంచంలో నేల మీద పడే వాన సుమారు 1,10,000 ఘనపు కిలోమీటర్లు. అందులో నదుల్లోకి, భూగర్భంలోకి చేరేది 40 శాతమే. మిగిలిన 60 శాతం మట్టిలో ఆగి, అడవులు, గడ్డి, పంటల గుండా, నేల గుండా ఆవిరైపోయేదే. ప్రపంచంలో సాగయ్యే భూమిలో ఎనభై శాతం వానాధారమే, తిండిలో అరవై శాతం అక్కడి నుంచే వస్తోంది. గొడవలు, ట్రిబ్యునళ్లు, డ్యాములు అన్నీ ఆ 40 శాతం చుట్టూ. 60 శాతానికి టీఎంసీల లెక్క లేదు, గేట్లు లేవు, ఎవరూ అడ్డుపడరు. అది మన చేనులోనే పడుతుంది.

ఎంత పడుతుంది? ఒక ఎకరంలో ఒక మిల్లీమీటరు వాన అంటే 4,047 లీటర్లు. అనంతపురం లాంటి కరువు జిల్లాలో సగటు 550 మిల్లీమీటర్లు. అంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు 445. నేను 2018లో డబ్బులిచ్చి కొన్న ట్యాంకర్లు ఎన్నో చెప్పడానికి సిగ్గేస్తుంది, కానీ ఆకాశం ఏటా ఎకరానికి 445 ట్యాంకర్లు ఊరికే తెచ్చి పోస్తోంది. మన ఎర్రనేల పైన వాన దెబ్బకి పొర కడుతుంది. ఆ పొర మీద నుంచి సగం వాన ఎర్రగా పారి వంకలోకి పోవడం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం.

ప్రకృతి వ్యవసాయం నీళ్ల విషయంలో చేసేది ఇక్కడే. ఇక్కడ మనవాళ్లు కూడా కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. "పది శాతం నీళ్లు చాలు" అని చాలా ట్రైనింగుల్లో చెప్తారు. నేనూ చెప్పాను, ఒప్పుకుంటున్నా. నా చేనులో కొలిచాక మానేశాను. పైరు ఎదగాలంటే ఆకు నుంచి నీళ్లు వదలాల్సిందే, జీవామృతం పోసినా అది మారదు. ఇంకొకటి, సేంద్రియ పదార్థం ఒక్క శాతం పెరిగితే ఎకరా 75 వేల లీటర్లు ఎక్కువ పట్టుకుంటుందని వాట్సాప్‌లో తిరుగుతుంది. 2018లో సిడ్నీ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ప్రపంచం నలుమూలల మట్టి లెక్కలు కలిపి చూస్తే, సేంద్రియ కర్బనం ఒక శాతం పెరిగినప్పుడు పైరుకి అందే నీళ్లు పది సెంటీమీటర్ల మట్టికి సగటున 1.16 మిల్లీమీటర్లే పెరిగాయి. అడుగు లోతుకి లెక్కేస్తే ఎకరానికి 14 వేల లీటర్లు. అయినా అది తక్కువేం కాదు. వాన పడిన ప్రతిసారీ ఆ పాత్ర మళ్లీ నిండుతుంది. కానీ 75 వేలు అని చెప్పి, రైతు నమ్మి తడి ఆపేస్తే పంట పోతుంది, తర్వాత మన మాట వినడు.

నేను చూసినంతలో పెద్ద లాభం వేరే రెండు చోట్ల ఉంది. ఒకటి, ఇంకడం. పైపు ప్రయోగంలో మీరు చూసింది అదే. వేర్లు, వానపాములు చేసిన సందులు ఉంటే గట్టి వాన కూడా లోపలికి దిగుతుంది. రెండు, ఎండ తగలని నేల. ఆచ్ఛాదన కింద నేల నుంచి ఊరికే ఆవిరయ్యే నీళ్లు తగ్గుతాయి, పైరు తాగే నీళ్లు అలాగే ఉంటాయి. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లడం, వాలుకి అడ్డంగా కందకాలు, వేరుశనగలో కంది, అలసంద సాళ్లు, చీనీ పాదుల్లో శనక్కాయ పొట్టు, ఎండాకు నాలుగంగుళాల మందం... ఇవన్నీ మీకు తెలిసినవే, మళ్లీ రాయను. కందకాలు ఎలా తీశానో పాత వీడియోలో ఉంది.

ఇప్పుడు మామ తోటకి. వెళ్లేటప్పుడు 200 లీటర్ల డ్రమ్ము ఒకటి ఆటోలో వేసుకెళ్లాను. టెంకాయ పట్టి నీళ్లు చూసే ఆయన అప్పటికే వచ్చి, రెండు చోట్ల సున్నం చల్లి వెళ్లాడు. ఉన్న బోరు ఆన్ చేసి డ్రమ్ము పెట్టాం. రెండున్నర నిమిషాలకి నిండింది. నిమిషానికి 80 లీటర్లు. తొమ్మిది గంటల కరెంటుకి 43,200 లీటర్లు. ఎకరానికి 110 చెట్ల చొప్పున ఆరెకరాల్లో 660 చెట్లు. వేసవిలో కాపు చెట్టుకి రోజుకి వంద లీటర్లన్నా కావాలి. 66,000 లీటర్లు అడిగే తోటకి 43,000 ఇచ్చే బోరు. "అందుకే గదా నాయనా కొత్త బోరు" అన్నాడు మామ. నేను 2018 కథ చెప్పాను. ఇప్పుడున్న నీళ్లు నాలుగెకరాలకి సరిపోతాయి, మిగతా రెండెకరాల్లో ఏవైతే ముసలి చెట్లో అవి వదిలేసి, అక్కడ కొర్ర, కంది వేసి, వాలుకి కింద కుంట తీద్దాం అన్నాను. కొర్రలు నా గానుగ షాపులో నేనే తీసుకుంటానన్నాను. మూడో బోరు కూడా ఇంకా తగ్గొచ్చు, అది కూడా దాచకుండా చెప్పాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ రెండెకరాల చెట్లు పెళ్లయిన ఏడు పెట్టాడంట.

అప్పుడు మాటల్లో వచ్చింది. 2003 తర్వాత కొన్నేళ్లు ఎఫ్‌ఏవో అండతో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలు కొలుచుకునే కార్యక్రమం ఒకటి నడిచింది. ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనేవాళ్లు. ఊళ్లో వానకొలత డబ్బా, బోరుబావుల్లో నీటి మట్టం, రబీకి ముందు అందరూ కూర్చుని ఈ ఏడు ఎన్ని నీళ్లు చేరాయి, ఏ పంట ఎన్నెకరాలు పెట్టొచ్చు అని లెక్క. ఆ లెక్క గోడ మీద రాసేవాళ్లు. ఫలానా పంట వెయ్యొద్దని ఎవరూ ఎవర్నీ శాసించలేదు, లెక్క కళ్ల ముందు పెట్టారు. అది చూసి చాలామంది వరి తగ్గించుకున్నారు. మా నాన్న ఆ మీటింగులకి వెళ్లేవాడు, నేను స్కూలు పిల్లాణ్ణి. మామ కూడా వెళ్లాడంట. "ఆ డబ్బా మా ఇంటెనకాల ఇంకా ఉండాలి" అని లేచి వెళ్లాడు. మేకల దొడ్డి పక్కన దొరికింది. అడుగున తుప్పు పట్టింది, కొలగాజు మాత్రం పగల్లేదు.

కడిగి, తోట మధ్యలో గుంజకి కట్టి వచ్చాం. నా చేనులో కూడా అలాంటిదే ఒకటి పెట్టాను, వాన పడిన ప్రతిరోజూ పొద్దున ఎనిమిదిన్నరకి చూసి క్యాలెండర్ మీద రాస్తున్నా. మీ దగ్గర డబ్బా లేకపోతే, నిటారు గోడలున్న ఏ డబ్బా అయినా పనికొస్తుంది, లోపల స్కేలు పెట్టి మిల్లీమీటర్లు చదువుకుని 4,047తో గుణించండి. డ్రమ్ము కొలత ఎలా తీయాలో వచ్చే వీడియోలో మామ తోటలోనే చూపిస్తాను, ఆయన ఒప్పుకున్నాడు.

మొన్న ఫోన్ చేస్తే ముసలి చెట్లలో ముందు ఒక ఎకరమే తీద్దామన్నాడు. బోరు బండి వాళ్లని అడ్వాన్స్ వెనక్కి అడిగాడంట. ఇంకా ఇవ్వలేదు.